పళ్ళికరణై చిత్తడిలో తెలుగు క్రియలు

చెన్నైలో పెరిగే మన పిల్లలకు తెలుగు నామవాచకాలు బాగానే నిలుస్తాయి. అన్నం, చెట్టు, కొంగ ఎక్కడికీ పోవు. జారిపోయేవి క్రియలు. 'కొంగ ఫ్లై అయింది', 'బాతు స్విమ్ చేస్తోంది', 'ఆకు రాట్ అయింది' అంటారు. బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లోనే. ఇంట్లో జరిగేవేమో తినడం, పడుకోవడం, హోంవర్క్ చేయడం. పొంచడం, మునగడం, కెలకడం అనే మాటలతో అక్కడ పనే పడదు. ఆ మాటలతో పని పడే చోటికి పిల్లల్ని తీసుకెళ్ళాలి. పళ్ళికరణై అలాంటి చోటు.

వేళచ్చేరి–తాంబరం రోడ్డు పక్కనున్న ఈ చిత్తడి నేల 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది. మన కొల్లేరుకు 2002లో దక్కిన గుర్తింపే ఇది. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండుతుంది. ఆ నీరు ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. అదే కాలువ ఉత్తరాన పులికాట్ మీదుగా ఆంధ్ర తీరం వెంట సాగుతుందని చెబితే, నెల్లూరు, ఒంగోలు వైపు బంధువులున్న పిల్లలు మ్యాపు చూపించమని అడుగుతారు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎకో పార్కు నడకదారి వేళలు, సెలవు రోజు ముందే కనుక్కుని, తెరిచిన మొదటి గంటలోనే వెళ్ళండి. తొమ్మిది దాటితే ఎండకు నీటి మీద గాలి అలలాడి, దూరపు పక్షులు మసకబారతాయి. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, దోమల మందు, మనిషికి లీటరు నీళ్ళు సరిపోతాయి. పెరుంగుడి చెత్త గుట్ట వైపు నుంచి గాలి వీస్తే కంపు కొడుతుంది. పిల్లలు ముక్కు మూసుకుంటే కసరకండి, అది ఎక్కడి నుంచి వస్తోందో చూపించండి. ఊళ్ళో మనం పారేసిన చెత్త చేరింది ఈ చిత్తడిలోకే అని వాళ్ళు తెలుసుకోవాలి.

బైనాక్యులర్ 8×32 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది. 10 రెట్లది చిన్న చేతుల్లో వణుకుతుంది. 'రెండు గుండ్రాలు కనిపిస్తున్నాయి' అని పిల్లలంటే లోపం కళ్ళది కాదు, మధ్య మడత వాళ్ళ కళ్ళ ఎడానికి సరిపోలేదు. ఒకే గుండ్రం కనిపించేదాకా దాన్ని దగ్గరికి వంచాలి. తర్వాత కుడి కన్ను మూయించి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి స్పష్టం చేయాలి. ఆపైన ఎడమ కన్ను మూయించి, కుడి గొట్టం మీది రింగు తిప్పాలి. కళ్ళద్దాలుంటే రబ్బరు కప్పులు కిందికి దించాలి. ఇదంతా ముందురోజు ఇంట్లో గోడ క్యాలెండర్ మీద అభ్యాసం చేయించండి. చిత్తడి దగ్గర మొదలుపెడితే పక్షి ఎగిరిపోతుంది, పిల్లవాడికి విసుగొస్తుంది.

ఇక మాటలు. పక్షి పేరుతో మొదలుపెట్టకండి, అది చేస్తున్న పనితో మొదలుపెట్టండి. గుడ్డి కొంగ గట్టున కదలకుండా పొంచి ఉంటుంది. మనిషి దగ్గరికొచ్చినా కదలదు కాబట్టి దానికి కళ్ళు లేవనుకున్నారు. తమిళంలోనూ కురుట్టుక్కొక్కే, అదే అర్థం. నీటికాకి మునిగి, తేలి, రెక్కలు ఆరబెట్టుకుంటుంది, ఎందుకంటే దాని ఈకలు నీటిని పీల్చుకుంటాయి. తమిళంలో అది నీర్‌కాగం. మేడ మీద బట్టలకు వాడే క్రియే ఇక్కడా వాడాం కదా, పిల్లలు మరవరు. ఫ్లెమింగో తల కిందులుగా ముంచి బురదనీటిని వడగడుతుంది, మనం టీ వడగట్టినట్టే. ఎర్రకాళ్ళ కొంగ ముక్కు తెరిచి, కాలితో బురద కెలుకుతుంది. పొడుగు వేళ్ళ జకానా తామరాకుల మీద నడుస్తుంది, దాని గుడ్లు పొదిగేది మగపక్షి. పొదగడం! ఈ మాట కోసమే ఒక ఆదివారం ఖర్చు పెట్టవచ్చు. ఒక్కసారికి అయిదు క్రియలు చాలు, ఆరోది వద్దు.

విదేశాల్లో ఉండే పెదనాన్న, బాబాయి పిల్లలు చెక్క దారుల మీద పీట్ నేలలు చూసొచ్చి ఫొటోలు పంపితే, 'మనదీ అదేనా?' అనే ప్రశ్న వస్తుంది. కాదు. చలి ఉండి, నీరు కదలక నిలిచే చోట ఆకూ గడ్డీ పూర్తిగా కుళ్ళక పొరలుగా పేరుకుంటే పీట్ అవుతుంది. చెన్నై వేడికి చాలా భాగం కుళ్ళిపోతుంది. పీట్ మనకు నీలగిరి కొండల పైన ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)కి చెందిన రామన్ సుకుమార్ తన సహచరులతో కలిసి ఆ పొరలను పరిశీలించి, దాదాపు 20 వేల ఏళ్ళ వాతావరణ మార్పులను 1993లో 'నేచర్' పత్రికలో వివరించారు.

నానడం, మురగడం, కుళ్ళడం, పేరుకోవడం: నాలుగింటికీ తేడా తెలియాలంటే ఇంట్లో రెండు గాజు సీసాలు చాలు. ఒకదానిలో గుప్పెడు ఎండాకులు, మునిగేటన్ని నీళ్ళు. రెండోదానిలో అవే ఆకులు, తడి మట్టి. మూత బిగించకండి, లోపల వాయువు చేరుతుంది. పలచటి గుడ్డ కట్టండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. వారానికోసారి చూసి, ఏ ఆకు ముందు చివికిందో పిల్లల చేత తెలుగులో చెప్పించండి.

చిత్తడి చూసొచ్చిన సాయంత్రమే అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేయించండి. 'ఏమేం చూశావు?' అంటే పేర్ల జాబితా వస్తుంది. అందుకే 'ఆ కొంగ ఏం చేస్తోందిరా?' అని అడగమని పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.