ఇరవై రెండు రోజాల బాకీ

2024లో రంజాన్, మిర్చి సీజన్ కలిసి వచ్చాయి. గుంటూరు మిర్చి యార్డులో నేనొక కమీషన్ కొట్టులో గుమస్తాని. లారీల్లోంచి మిర్చి టిక్కీలు దించుతుంటే, శాంపిల్ కోసం బస్తా మూతి విప్పి కాయ తీస్తుంటే లేచే ఘాటుకి కొత్తవాళ్లు దగ్గి దగ్గి బయటికి పరిగెడతారు. నాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. ఇంట్లో గడవాలి కాబట్టి అక్కడే ఇరవై ఏళ్లుగా ఉన్నాను.

నా దగ్గర రెండు ఇన్‌హేలర్లు ఉండేవి. ఒకటి పొద్దున, రాత్రి రోజూ పీల్చాల్సింది. రెండోది నీలం రంగుది, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే వాడాల్సింది. ఇన్‌హేలర్ పీలిస్తే రోజా, అంటే ఉపవాసం, విరిగిపోతుందని ఎవరో అనగా విన్నాను. అంతే, రెండూ పక్కన పెట్టేశాను. రోజూ వాడేదాన్ని తెల్లవారకముందు తినే సహరీకీ, సాయంత్రం ఇఫ్తార్ తర్వాతా పీల్చుకోవచ్చన్న ఆలోచన కూడా రాలేదు. డాక్టర్ని అడగలేదు, మతపరమైన తీర్పులు చెప్పే ముఫ్తీ సాహెబ్‌నీ అడగలేదు. ఎనిమిది రోజాలు అలాగే గడిచాయి. రాత్రి తరావీహ్ నమాజులో నిలబడితే ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. అలసటేలే అనుకున్నాను.

తొమ్మిదో రోజా నాడు మధ్యాహ్నం కాటా దగ్గర లెక్క రాస్తుంటే ఊపిరి లోపలికి వెళ్లింది కానీ బయటికి రాలేదు. అది ఎలా ఉంటుందో ఆస్తమా ఉన్నవాళ్లకే తెలుసు. గాలి లేక కాదు, లోపలున్న గాలిని వదల్లేక. బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగిపోయాను. పుస్తకంలో రాస్తున్న అంకె సగంలో గీతలా జారిపోయింది. నీలం ఇన్‌హేలర్ చొక్కా జేబులోనే ఉంది. చెయ్యి దానిమీద పెట్టుకున్నాను, తీయలేదు. ఇఫ్తార్‌కి ఇంకా నాలుగు గంటలే కదా, ఓర్చుకుందాం అనుకున్నాను.

ముఠా మేస్త్రి నా పెదాలు చూసి, "గుమస్తాగారూ, నల్లబడిపోతున్నారు, లేవండి" అని ఆటో ఎక్కించాడు. నా తల తన భుజానికి ఆనించుకుని దారంతా వీపు రాస్తూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో వేలికి పెట్టిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ 86 శాతమే అని చూపించింది. ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ పెట్టారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగు రోజులు ఉన్నాను. డాక్టర్ కోప్పడలేదు. నా జేబులోంచి నీలం ఇన్‌హేలర్ తీసి మంచం పక్కన పెట్టి, "ఇది జేబులో ఉండగా ఇక్కడిదాకా వచ్చారు" అని మాత్రం అన్నారు.

నేను మాత్రం రోజా పోయిందని ఏడ్చాను. చూడ్డానికి వచ్చిన ముఫ్తీ సాహెబ్ కుర్చీ లాక్కుని కూర్చుని అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు, అంటే ప్రవక్త గురించిన కథనం, చెప్పారు. ప్రయాణంలో ఒకాయనకి రాయి తగిలి తలకి గాయమైంది. తర్వాత శుద్ధి కోసం స్నానం తప్పనిసరి అయింది. నీళ్లు లేకుండా మట్టితో చేసే శుద్ధి, తయమ్ముమ్, చేసుకోవచ్చా అని తోటివాళ్లని అడిగాడు. నీళ్లున్నాయి కాబట్టి కుదరదన్నారు. స్నానం చేశాడు, చనిపోయాడు. ప్రవక్త (స) ఆ మాట విని, వాళ్లే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు అడగాల్సింది, తెలియనితనానికి మందు అడగడమేనన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పుడు అన్నీ అడిగాను. మనం పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో ఇన్‌హేలర్, నెబులైజర్ వాడితే రోజా విరుగుతుందని, ఎందుకంటే మందు గొంతులోంచి లోపలికి వెళ్తుందని చెప్పారు. రియాద్‌లో ఉన్న మా పిన్ని కొడుకు, అక్కడి ఆలిములు, అంటే పండితులు, షేక్ ఇబ్నె బాజ్, ఇబ్నె ఉసైమీన్ విరగదన్నారని ఫోన్లో చెప్పాడు. ముఫ్తీ సాహెబ్ ఆ అభిప్రాయాన్ని కొట్టిపారేయలేదు. "వాళ్లూ పెద్ద ఆలిములే. కానీ బేటా, విరిగిందే అనుకో, ఏమవుతుంది? ఒక రోజాకి తర్వాత ఒక రోజా ఉండి తీర్చడం, అదే ఖజా. కఫ్ఫారా, అంటే పెద్ద పరిహారం, కూడా లేదు. ప్రాణం పోతే ఖజా ఎవరు చేస్తారు?" అన్నారు.

రక్తపరీక్షకీ, కంట్లో చుక్కలకీ రోజా విరగదని కూడా చెప్పారు. కండకిచ్చే ఇంజెక్షన్‌కీ విరగదు. బలానికి ఎక్కించే గ్లూకోజ్ సెలైన్ మీద మాత్రం తేడా ఉంది. 1997లో జెద్దాలో కూర్చున్న ఫిఖ్ అకాడమీ, అంటే ధర్మశాస్త్ర పండితుల సభ, ఆహారంలా పనిచేసే సెలైన్‌ని రోజా విరగనివాటిలో చేర్చలేదు. మన దగ్గరి హనఫీ ఆలిములు చాలామంది అది కడుపులోకి వెళ్లే దారి కాదు కాబట్టి విరగదంటారు, కానీ రోజా కష్టం తెలియకుండా ఉండడానికే ఎక్కించుకుంటే మక్రూహ్, అంటే చేయకపోతేనే మంచిది, అంటారు.

అమ్మీ అప్పటికే ఫిద్యా డబ్బు, అంటే రోజాకి బదులు పేదలకిచ్చేది, తీసి పక్కన పెట్టేసింది. ముఫ్తీ సాహెబ్ వారించారు. ఇక కోలుకునే ఆశ లేనివాళ్లకే ఫిద్యా అని, నాకు నయమవుతుంది కాబట్టి ఖజాయే అని చెప్పారు. "నయమవుతుంది" అన్న మాట డాక్టర్ కంటే ముందు ఆయన నోట విన్నాను. అప్పుడు నిజంగా ధైర్యం వచ్చింది.

మిగతా నెలంతా రోజా ఉండలేదు. మా పేటలో అందరూ ఇఫ్తార్‌కి పరిగెడుతుంటే మందు పీల్చి నోరు పుక్కిలించి కూర్చోవడం చాలా కష్టంగా అనిపించేది. అల్ బఖరా సూరాలో, జబ్బు ఉన్నవాళ్లు వేరే రోజుల్లో లెక్క పూర్తి చెయ్యమన్న చోటే "అల్లాహ్ మీకు సులువు కోరుతున్నాడు, కష్టం కోరడం లేదు" అని ఉంది. ఎన్నిసార్లు చదువుకున్నానో!

చలికాలం పొట్టి రోజుల్లో, కొత్త మిర్చి రాకముందే, ఇరవై రెండు రోజాలూ తీర్చాను. రంజాన్‌కి ముందు నెల షాబాన్‌లోనే డాక్టర్ దగ్గరికి వెళ్తే, రోజూ వాడే ఇన్‌హేలర్‌ని సహరీ ముగియకముందు, ఇఫ్తార్ తర్వాత పెట్టుకోమన్నారు. యజమాని నా బల్లని కాటాకి దూరంగా లోపలి గదిలో వేయించాడు.

2025 రంజాన్‌లో పదిహేడో రోజా నాడు పక్క కొట్టులో తాలు కాయ పోస్తుంటే మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి. ఈసారి ఆలోచించలేదు. నీలం ఇన్‌హేలర్ తీసి రెండుసార్లు పీల్చాను. మేస్త్రి నా మొహమే చూస్తూ పక్కన నిలబడ్డాడు. పది నిమిషాల్లో తేలికపడింది.

సాయంత్రం ఇంటికొస్తే అమ్మీ, "రోజా?" అని అడిగింది.

"ఒకటి బాకీ, అమ్మీ."

వంటింట్లో గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, నా చేతిలో ఖర్జూరం పెట్టింది.