మూర్ మార్కెట్ క్రిస్టల్

నా టేబుల్ సొరుగులో ఒక చిన్న డబ్బీ ఉంది. గోధుమరంగు బేకలైట్. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, అడుగున రెండు పిన్నులు. మూత రేకు మీద 6975 అని అచ్చు. దాని కింద సూదితో గీకి రాసిన 7024. పై అంకె రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యానిది. కింది అంకె నాది.

దాన్ని ఎఫ్‌టీ-243 క్రిస్టల్ అంటారు. రేడియో ట్రాన్స్‌మిటర్ ఏ ఫ్రీక్వెన్సీ మీద పలకాలో అదే నిర్ణయిస్తుంది, ఆ అంకెలు కిలోహెర్ట్జ్‌లు. 1982లో మద్రాసు మూర్ మార్కెట్లో ఐదు రూపాయలకు కొన్నాను.

అప్పుడు నేను నెల్లూరులో బీఎస్సీ రెండో ఏడు. మూలాపేటలో మా ఇంట్లో ఒక మర్ఫీ రేడియో ఉండేది. ఒక ఆదివారం పొద్దున 41 మీటర్ల స్టేషన్లు దాటించి ముల్లుని ఇంకాస్త పక్కకి జరిపితే ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటున్నారు. వార్తలు కాదు, ప్రోగ్రామూ కాదు. రాత్రి గాలివానకి యాంటెనా కొబ్బరిచెట్టు మీంచి జారిపోయిందని ఒకాయన చెబుతుంటే, రెండో ఆయన ఏ తాడు వాడావని అడుగుతున్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మర్నాడు కాలేజీలో ఫిజిక్స్ మాస్టారిని అడిగాను. "వాళ్ళని హ్యాములంటారు అబ్బయా, లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు. నేనూ హ్యామునే, సాయంత్రం ఇంటికి రా" అన్నారు.

ఆ సాయంత్రం నుంచే మోర్స్, అంటే చుక్కలూ గీతలూగా కొట్టే తంతి భాష, పాఠం మొదలైంది. అప్పట్లో హ్యాము లైసెన్సు గ్రేడ్-2 పరీక్షకి నిమిషానికి ఐదు మాటల వేగం సరిపోయేది. అది నాకు పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా సామాన్ల దగ్గరే. ఫారిన్ రిగ్గు, అంటే తయారుగా దొరికే రేడియో సెట్టు, కొనే స్తోమత మాస్టారికే లేదు, ఇక నాకెక్కడిది? "ఒక 6వీ6 వాల్వు, ఒక క్రిస్టల్ ఉంటే ట్రాన్స్‌మిటర్ అయిపోతుంది. మద్రాసు పో. సెంట్రల్‌లో దిగి పక్కకి తిరిగితే మూర్ మార్కెట్" అన్నారు.

నెల్లూరు వాళ్ళకి మద్రాసు వేరే ఊరు కాదు, పక్కవీధి. పెళ్ళి బట్టలకి, కంటి డాక్టరుకి, కొత్త సినిమాకి అక్కడికే. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట దాటి మధ్యాహ్నానికి దిగేవాళ్ళం. (ఆ సూళ్ళూరుపేట పక్కనున్న శ్రీహరికోట నుంచే 2005 మే 5న హ్యాముల కోసం హామ్‌శాట్ ఉపగ్రహం ఎగిరింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నాకు ఆ పాసింజర్ బండి కిటికీయే గుర్తొచ్చింది.)

మూర్ మార్కెట్ 1900లో తెరిచిన ఎర్ర ఇటుకల కట్టడం. లోపలికి అడుగుపెడితే పాత పుస్తకాల వాసన, పంజరాల్లో పక్షుల వాసన కలిసి వచ్చేది. గ్రామఫోన్ ప్లేట్లు, గోడ గడియారాలు, చిలకలు, కుక్కపిల్లలు. వీటన్నిటినీ దాటుకుని వెళితే ఒక వరసలో రేడియో సామాన్ల కొట్లు. వాటిలో చాలా సరుకుని 'మిలటరీ డిస్పోజల్' అనేవాళ్ళు. యుద్ధంలో బెంగాల్‌లో, అస్సాంలో అమెరికా విమానాల స్థావరాలు ఉండేవి. యుద్ధం అయిపోయాక మిగిలిన వైర్‌లెస్ సామాను వేలంపాటల్లో అమ్ముడై, చేతులు మారుతూ మారుతూ ఇంత దూరం వచ్చింది. నెత్తిన టోపీలాంటి కనెక్షన్ ఉన్న 807 వాల్వులు, కాన్వాస్ పట్టీల హెడ్‌ఫోన్లు, గుండ్రటి మీటర్లు అన్నీ అక్కడే.

నేను ఆగిపోయిన కొట్లో బీసీ-348 రిసీవర్ ఉంది. బీ-17, బీ-24 బాంబర్లలో పెట్టిన రిసీవర్ అది. ముడతలు తేలిన నల్ల పెయింటు. బ్యాండ్ నాబ్ తిప్పితే డయల్ మీదున్న రేకు తెర జరిగి ఆ బ్యాండు స్కేలు ఒక్కటే బయటపడుతుంది, మిగతావన్నీ దాక్కుంటాయి. ఆరు బ్యాండ్లు, 18 మెగాహెర్ట్జ్ దాకా. స్టేషను పట్టడానికి చిన్న చేతిపిడి. దాన్ని తిప్పుతుంటే లోపల పళ్ళచక్రాలు నూనెలో తిరుగుతున్నంత మెత్తగా కదిలాయి. కరెంటు లేదు, చప్పుడు లేదు, ఊరికే తిప్పుతూ నిలబడ్డాను. కొట్టాయన ఎనిమిది వందలు చెప్పారు. మా నాన్న నెల జీతం అంతకంటే యాభై ఎక్కువ. నా మొహం చూసే ఆయనకి అర్థమైనట్టుంది. చెయ్యి తియ్యమనలేదు. ఎంతసేపు తిప్పుకున్నా ఏమీ అనలేదు.

అరవై దాటిన పెద్దాయన, తెల్ల టోపీ, మద్రాసు తెలుగు. క్రిస్టల్ కావాలన్నాను. బిస్కెట్ల డబ్బా ఒకటి తీసి బల్ల మీద గుమ్మరించారు. అన్నీ ఇలాంటి బేకలైట్ డబ్బీలే, వందకి తక్కువ ఉండవు. ఏడు వేల పైన ఉన్నది కావాలన్నాను, హ్యాముల బ్యాండు 7 మెగాహెర్ట్జ్, అంటే ఏడు వేల కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి.

"ఏడువేలది ఉండదప్పా. మీవాళ్ళందరూ ఎప్పుడో తీసుకునేసినారు. ఆరువేల తొమ్మిదొందల డెబ్భైఅయిదు తీసుకో. రుద్దుకో, వచ్చేస్తాది."

ఆ మాట నేను ఎన్నేళ్ళయినా మర్చిపోలేను. అమ్మేవాడికి సరుకు ధర తెలిస్తే చాలు. ఆయనకి సరుకు ప్రాణం తెలుసు. రెండు కొనమని కూడా ఆయనే చెప్పారు, "ఒకటి పోతాది" అని. రెండూ పది రూపాయలు.

ఆయన చెప్పినట్టే ఒకటి పోయింది. రుద్దడం అంటే ఇదీ. మూతకున్న మూడు స్క్రూలు విప్పితే లోపల ఒక స్ప్రింగు, రెండు లోహపు పలకలు, వాటి మధ్య చదరంగా ఒక గాజు ముక్కలాంటిది. అదే క్వార్ట్జ్. వేలి గోరంత ఉంటుంది. దాని మందమే దాని స్వరం. పలచనైతే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీసే సన్న పొడి పొట్లం కట్టించుకొచ్చాను. కిటికీ అద్దం ముక్క మీద చిటికెడు పొడి, నాలుగు చుక్కల నీళ్ళు. క్వార్ట్జ్‌ని చూపుడువేలి మొనతో అద్దానికి ఆనించి 8 అంకె వేస్తున్నట్టు తిప్పాలి. ఒక మూల ఎక్కువ నొక్కితే ముక్క సమంగా ఉండదు. పది చుట్లు తిప్పాక సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అంచు మాత్రమే పట్టుకుని మళ్ళీ డబ్బీలో కూర్చాలి. వేలిజిడ్డు తగిలినా అది పలకదు. ఆ పైన మాస్టారి రిసీవర్లో విని ఎంత కదిలిందో చూడాలి. మొదటి క్రిస్టల్‌ని తొందరలో ఒకేసారి యాభై చుట్లు తిప్పాను. మూల చిట్లిపోయి మూగబోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

రెండోదానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. 6981, 6990, 7003. మూడో రోజు బ్యాండులోకి అడుగుపెట్టాం. అయినా అంచున వద్దని ఇంకొంచెం జరిపాం. 7026 దాకా వెళ్ళిపోయింది. వెనక్కి తేవడం ఎలాగని నాకు టెన్షన్. మాస్టారు చెవిమీద నుంచి పెన్సిల్ తీసి, క్వార్ట్జ్ మధ్యలో మెల్లగా ఒక గీత గీశారు. ఆ పెన్సిల్ బొగ్గు బరువుకే రెండు కిలోహెర్ట్జ్ దిగింది.

లైసెన్సు చేతికొచ్చేసరికి 1984. మొదటి క్యూఎస్‌ఓ (రేడియో సంభాషణ) బెంగళూరు ఆయనతో, తెల్లవారుజామున. నాకు ఇచ్చిన రిపోర్టు, అంటే నా సిగ్నల్ ఎలా వినిపిస్తోందో చెప్పే అంకె, 569 సీ. చివరి సీ అంటే చిర్ప్, మోర్స్ కొట్టినప్పుడల్లా స్వరం పిట్ట కూసినట్టు జారుతోందని. ఒకే వాల్వుతో, నేరుగా ఆసిలేటర్‌నే కీ చేసే ట్రాన్స్‌మిటర్‌కి అది మామూలే. ఆ క్యూఎస్‌ఎల్ కార్డు, అంటే ఆ సంభాషణకి రుజువుగా ఆయన పంపినది, ఇప్పటికీ ఉంది.

1985 మే నెలలో మూర్ మార్కెట్ కాలిపోయింది. పేపర్లో ఫొటో చూశాను. ఆ తర్వాత వెళ్ళినప్పుడు రిచీ స్ట్రీట్‌లో, మౌంట్ రోడ్డు వెనక, ఆ టోపీ పెద్దాయన కోసం కొట్టు కొట్టూ తిరిగాను. ఎవరికీ తెలియలేదు. పేరైనా అడగలేదు నేను. మార్కెట్ ఉన్నచోట ఇప్పుడు సబర్బన్ రైళ్ళ స్టేషన్ బిల్డింగ్ ఉంది. చెన్నై వెళితే అక్కడ దిగగానే కాసేపు ఆగుతాను.

బ్యాంకు ఉద్యోగంలో హైదరాబాద్ వచ్చాక కోఠీ గుజరాతీ గల్లీ నా రెండో మూర్ మార్కెట్ అయింది. అక్కడ ఒక కొట్లో రెసిస్టర్ని విలువ చెప్పి అడగక్కర్లేదు, "బ్రౌన్ బ్లాక్ ఆరెంజ్" అంటే పది కిలో ఓమ్‌లది కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడా గల్లీలో రేడియోలో స్టేషను మార్చే గ్యాంగ్ కండెన్సర్ కావాలంటే కుర్రాళ్ళు అర్థంకాక మొహం చూస్తారు. రిటైరయ్యాక ఒకసారి జుమ్మెరాత్ బజార్లో తుక్కు కుప్పలో ఇత్తడి మోర్స్ కీ కనిపించింది. 2013 జూలైలో తంతి సేవ ఆపేశారు కదా, బహుశా ఏదో తంతి ఆఫీసుది. అమ్మేవాడు కుళాయిలతో కలిపి తూకం వేస్తున్నాడు. నేను కీ ఒక్కటే అడిగాను. ఇత్తడి ధరే తీసుకున్నాడు. ఇంటికొచ్చి చింతపండుతో తోమితే, పిడి పక్కన ఎన్నో వేళ్ళు ఆని అరిగిన నునుపు కనిపించింది.

వస్తువు దొరకకపోతే దొరికే దాంతో చెయ్యడం అనే గుణం మాత్రం మన దగ్గర పోలేదు. మా హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్, పంపడం, వినడం రెండూ చేసే బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌ని తయారుచేసినప్పుడు, కాయిల్స్ చుట్టడానికి వాడే, దొరకని టొరాయిడ్ రింగుల బదులు కుళాయిలకి వేసే వాషర్ల మీద కాయిల్స్ చుట్టమన్నారు. ప్లంబింగ్ షాపులో నేనూ పది వాషర్లు కొన్నాను. ఆ డిజైన్ దేశదేశాల హ్యాములు కట్టుకున్నారు. నాకది మూర్ మార్కెట్ పెద్దాయన మాటే మళ్ళీ విన్నట్టుంది, రుద్దుకో, వచ్చేస్తాది.

ఈ ఏడాది కనుమ రోజు పొద్దున పాత 6వీ6 ట్రాన్స్‌మిటర్‌ని దించి తుడిచాను. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు కొత్తవి వేశాను. ఆ ఇత్తడి కీ కలిపి, 6975 డబ్బీ గుచ్చి, డాబా మీది డైపోల్ యాంటెనాతో సీక్యూ, అంటే ఎవరైనా ఉన్నారా అన్న పిలుపు, కొట్టాను. అయిదో సీక్యూకి చెన్నై స్టేషన్ ఒకటి జవాబిచ్చింది. చేతివాటం చూస్తేనే పెద్దవారని తెలిసిపోయింది, తొందరలేని చెయ్యి. రిపోర్టు 579 సీ. ఆ సీ వినగానే నాకు గొంతు పట్టేసింది. రిగ్గు ఏమిటని అడిగారు. ఒకటే వాల్వు, క్రిస్టల్ మూర్ మార్కెట్‌ది, అయిదు రూపాయలు అని కొట్టాను.

అటువైపు నుంచి చాలాసేపు ఏమీ రాలేదు. సిగ్నల్ దిగిపోయిందేమో అనుకుని హెడ్‌ఫోన్లు చెవులకి గట్టిగా నొక్కుకున్నాను. అప్పుడు వచ్చింది, ఒక్కో అక్షరం విడివిడిగా:

నాదీ అక్కడిదే. మూడు రూపాయలు.