పిల్లల లాప్‌టాప్‌కు వేసే తాళం ఎవరి మీద పడుతోంది?

పిల్లల చేతికిచ్చే కంప్యూటర్‌కు భద్రత ఎలా ఉండాలన్న విషయం మీద పేద దేశాల బడిపిల్లలకు చవక లాప్‌టాప్‌లు అందించడానికి పూనుకున్న ‘వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్’ బృందం 2007లో వెలువరించిన ‘బిట్‌ఫ్రాస్ట్’ పత్రమంత శ్రద్ధగా రాసినది నేను మరొకటి చదవలేదు. ఇవాన్ క్రిస్టిచ్ రూపొందించిన ఆ పత్రం, చదవడం ఇంకా రాని పిల్లవాడు కూడా యంత్రాన్ని క్షేమంగా వాడుకోవాలన్న పట్టుదలతో సాగుతుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ప్రతి ప్రోగ్రామూ తన గిరి దాటకుండా ఉంటుంది, కెమెరా పనిచేస్తున్నంతసేపూ దీపం వెలుగుతుంది. ఆ బృందం తయారుచేయించిన ‘ఎక్స్ఓ’ అనే ఆకుపచ్చ లాప్‌టాప్ కీబోర్డు మీద, నడుస్తున్న ప్రోగ్రాం వెనుకనున్న కోడ్‌ను చూపడానికి ప్రత్యేకంగా ఒక కీ ఉండేది. యంత్రానికి తాళం వేసి పిల్లలను బయట నిలబెట్టకూడదన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి.

దొంగతనం మాట వచ్చేసరికి అదే పత్రం దారి మార్చింది. కోరుకున్న దేశాలు తమ యంత్రాలకు గడువు పెట్టవచ్చు. యంత్రం సర్వర్‌ను సంప్రదిస్తూ ఆ గడువును పొడిగించుకోవాలి, లేకపోతే మూతపడుతుంది. కానీ పెరూలో ఈ యంత్రాలు వేలాదిగా చేరింది ఇంటర్నెట్ లేని పల్లె బడులకే. పెన్‌డ్రైవ్‌తో పొడిగించే వీలున్నా, ఆ భారమంతా మాస్టారి మీద పడుతుంది.

అన్నిటికన్నా నన్ను బాధించేది గడియారం సంగతి. గడువుకు ఆధారం తేదీ. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ సరిగా పనిచేయక గడియారం తేదీ మరిచిపోతే, తేదీ చెల్లదంటూ ఎక్స్ఓ అక్కడే ఆగిపోయేది. తేదీ సరిచేయాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే తేదీ సరిగా ఉండాలి. ఇందులో దొంగ ఎక్కడా లేడు.

బెంగళూరులో కంప్యూటర్ కొట్లుండే ఎస్.పి. రోడ్డులో ఇలాంటి తాళాన్ని ఈమధ్య దగ్గరగా చూశాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది అనంతపురం వైపు. తొమ్మిదో తరగతి చదువుతున్న అతని కూతురికి ఎవరో పాత క్రోమ్‌బుక్ (గూగుల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే లాప్‌టాప్) ఇచ్చారు. రీసెట్ చేసిన ప్రతిసారీ అది ఒక పాఠశాల పేరు చూపించి, ఆ పాఠశాల ఖాతాతో లాగిన్ కమ్మంటుంది. ఆ పాఠశాల తన జాబితా నుంచి ఈ యంత్రాన్ని తొలగించడం మరిచింది. రిపేరు కొట్టులోని హిందూపురం కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “లోపలంతా బాగుంది సార్, బోర్డు మారిస్తేగానీ ఈ తాళం పోదు. ఆ డబ్బుకు పాతదొకటి వస్తుంది” అన్నాడు. అతని వెనుక అరల్లో స్క్రీన్లు, కీబోర్డులు, బ్యాటరీలు విడివిడిగా పేర్చి ఉన్నాయి. తాళం పడిన లాప్‌టాప్ కూడా ఇలా విడిభాగాలుగా అమ్ముడుపోతుంది కాబట్టి, దొంగకు అది పూర్తి నష్టం కాదు. చదువుకోవాలనుకున్న అమ్మాయికి మాత్రం పూర్తి నష్టమే.

అర్జెంటీనా 2010లో ‘కొనెక్తార్ ఇగ్వాల్దాద్’ పథకం కింద ప్రభుత్వ బడిపిల్లలకు ఇచ్చిన నెట్‌బుక్‌లదీ (చిన్న లాప్‌టాప్‌లదీ) ఇదే కథ. చాలాకాలం బడి సర్వర్‌కు దూరంగా ఉన్నవి మూతపడేవి. చదువు పూర్తిచేసినవారికి శాశ్వతంగా తాళం తీసే ఏర్పాటు ఉన్నప్పటికీ, దానికోసం మళ్లీ ఆ వ్యవస్థనే ఆశ్రయించాలి.

నా అభిప్రాయంలో తప్పు తాళంలో లేదు, అది ఎప్పుడు పడాలన్న నిర్ణయంలో ఉంది. గడువు పొడిగించుకోని ప్రతి యంత్రాన్నీ మూసే బదులు, పోయిందని ఫిర్యాదు వచ్చిన యంత్రాన్ని మాత్రమే మూయవచ్చు. దొంగ దాన్ని నెట్‌కు కలపకుండా వాడుకుంటాడన్న అభ్యంతరం నిజమే. అలా కొన్ని యంత్రాలు పోతాయి, పోనివ్వవచ్చు. సర్వర్ ఎంతకూ పలకకపోతే యంత్రం తనంత తానే తెరుచుకునే తేదీ ఒకటి మొదటి రోజునే అందులో రాసి ఉండాలి. లాప్‌టాప్‌లు కొనే ప్రభుత్వాలూ పాఠశాలలూ ధరను, వారంటీని అడిగే టెండరు పత్రంలోనే ఆ తేదీని కూడా అడగాలి.