అక్క లాప్‌టాప్‌లో విండోస్ ఎక్కించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది

మా అక్క తెనాలిలో పదో తరగతి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతుంది. తనది వెనక్కి పూర్తిగా మడిచే లాప్‌టాప్, ఇంటెల్ 11వ తరం ఐ5 ప్రాసెసర్‌ది. దాన్ని తిరగేసి బల్ల మీద గుడారంలా నిలబెట్టి, పెన్నుతో తెర మీదే లెక్క చేసి చూపిస్తుంది. వేసవి సెలవుల్లో ఒకరోజు ఉన్నట్టుండి నీలం తెర వచ్చిందట, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా బయాస్ (విండోస్ కంటే ముందు మిషన్‌ని లేపే, మదర్‌బోర్డులోనే ఉండే సెట్టింగుల తెర) దగ్గరే ఆగిపోతోందట. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు, పద్దెనిమిది వేలు అవుతుందన్నారు. "ఏరా, నువ్వొకసారి చూస్తావా, లేకపోతే పారేసి కొత్తది కొనమంటావా?" అని ఫోన్ చేసింది.

ఆదివారం గుంటూరు నుంచి బయల్దేరి వెళ్ళి చూస్తే, బయాస్‌లో స్టోరేజ్ దగ్గర అసలు ఏమీ లేదు. ర్యామ్ కనబడుతోంది, బ్యాటరీ కనబడుతోంది, విండోస్, ఫైళ్ళు అన్నీ ఉండే డిస్కు, అదే ఎస్ఎస్‌డీ, మాత్రం లేదు. మదర్‌బోర్డు పోయిన మిషన్ బయాస్‌లోకి ఇంత శుభ్రంగా వెళ్ళదు కదా అనిపించి, ఊళ్ళోనే 512 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ ఒకటి కొని, కింది మూత విప్పి మార్చాను. వెంటనే బయాస్‌లో దాని పేరు వచ్చింది. సగం పని అయిపోయింది, మధ్యాహ్నం భోజనం టైముకి మిగతాదీ అయిపోతుంది అనుకున్నాను. అదే నా అమాయకత్వం.

బావగారి పాత డెస్క్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 11 ఎక్కించే పెన్‌డ్రైవ్ చేశాను, అందులో ఇబ్బందేమీ రాలేదు. లాప్‌టాప్‌కి పెట్టి బూట్ చేస్తే సెటప్ తెర వచ్చింది కానీ బాణం కదల్లేదు. టచ్‌ప్యాడ్ చచ్చిపోయింది, తెర మీద వేలు పెట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు. కీబోర్డు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఇదేమి విడ్డూరమని వెతికితే తెలిసింది: లాప్‌టాప్ లోపలి కీబోర్డు చాలా మిషన్లలో ఇప్పటికీ పాత పీఎస్/2 పద్ధతిలోనే మాట్లాడుతుంది, దానికి కొత్త డ్రైవరేమీ (ఆ భాగంతో విండోస్‌ని మాట్లాడించే చిన్న ప్రోగ్రాం) అక్కర్లేదు. టచ్‌ప్యాడ్, టచ్‌స్క్రీన్ మాత్రం ఐ2సీ అనే వేరే దారిలో కలుస్తాయి, ఆ దారి తెరవాలంటే ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్ కావాలి, అది సెటప్ దగ్గర లేదు. సరే, ట్యాబ్, స్పేస్, ఎంటర్‌లతో నెట్టుకొచ్చాను. తర్వాత విసుగొచ్చి సీ టైప్ అడాప్టర్ ఒకటి తెప్పించి దానికి మౌస్ తగిలించాను, ఎందుకంటే ఈ మిషన్‌కి మామూలు యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉంది, అందులో పెన్‌డ్రైవ్ ఉంది.

అసలు గోడ తర్వాత వచ్చింది. విండోస్ ఎక్కడ ఎక్కించాలో అడిగే చోట డిస్కుల జాబితా ఖాళీ. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ ఇవ్వండి అంటోంది. బయాస్‌లో కళ్ళ ముందు కనబడ్డ ఎస్ఎస్‌డీ ఇక్కడ మాయం! కొత్త ఎస్ఎస్‌డీ కూడా పోయిందేమో, మదర్‌బోర్డన్న షాపువాడి మాటే నిజమేమో అని టెన్షన్. విప్పి మళ్ళీ బిగించాను, పెన్‌డ్రైవ్ మళ్ళీ చేశాను, ఉపయోగం లేదు. ఆ రోజుకి ఓడిపోయి బస్సెక్కాను.

వారం రోజులు రాత్రిళ్ళు చదివితే అర్థమైంది. వీఎండీ అని ఒకటుంది. మొదట సర్వర్లలో ఎన్‌వీఎంఈ డిస్కులని ఒక పెద్దమనిషి కింద పెట్టి చూసుకోవడానికి ఇంటెల్ వాళ్ళు తెచ్చింది, 11వ తరం నుంచి మామూలు లాప్‌టాప్‌లలోకీ వచ్చేసింది. అది ఆన్‌లో ఉంటే ఎస్ఎస్‌డీ నేరుగా విండోస్‌కి కనబడదు, ఆ పెద్దమనిషి వెనకాల దాక్కుంటుంది. ఆయనతో మాట్లాడే డ్రైవర్ సెటప్ దగ్గర లేకపోతే మన డిస్కు లేనట్టే లెక్క. కొన్ని లాప్‌టాప్‌ల బయాస్‌లో వీఎండీ ఆపే మీట ఉంటుంది, అక్క దాంట్లో నాకు కనబడలేదు. ఉన్నవాళ్ళకి ఒక మాట: కొత్తగా ఎక్కించేటప్పుడు ఆపితే ఫర్వాలేదు కానీ, బాగా నడుస్తున్న విండోస్ ఉన్న మిషన్‌లో ఊరికే ఆపి చూడకండి, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం తెర వేసి కూర్చుంటుంది. మళ్ళీ ఆన్ చేస్తే మామూలుగా తిరిగొస్తుంది గానీ, ఈలోపు గుండె జారుతుంది.

రెండో ఆదివారం ఆ పెద్దమనిషితో మాట్లాడే ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళాను. లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే ఏమీ లేదంది. దింపింది ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే అన్నీ కలిపి కట్టిన మూట; సెటప్‌కి కావలసింది దాని కడుపులో ఉండే ఐఎన్ఎఫ్ అనే విడి డ్రైవర్ ఫైళ్ళు. మళ్ళీ బావగారి డెస్క్‌టాప్ దగ్గరికి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఈఎక్స్‌ఈ పేరు పక్కన ఎక్స్‌ట్రాక్ట్ డ్రైవర్స్ అన్న మాట, ఫోల్డర్ పేరు ఇచ్చి నడిపిస్తే విడివిడి ఫైళ్ళుగా బయటికొచ్చాయి, వాటిలో వీఎండీ అనే ఫోల్డరూ ఉంది. హమ్మయ్య అని తెచ్చి చూపిస్తే, ఈ మిషన్‌కి సరిపోయే డ్రైవర్ లేదంది! అన్నిటికంటే కొత్త వెర్షన్ అయితే మంచిదని దింపాను, అది 11వ తరాన్ని వదిలేసిన వెర్షన్. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఈ మోడల్ పేరు మీద ఇచ్చిన పాత వెర్షన్ దింపి, అదే తంతు ఇంకోసారి చేశాక, ఈసారి జాబితాలో ఒక్క లైను వచ్చింది. నెక్స్ట్ కొట్టాను. కొన్ని సెకన్లకి 476 జీబీ ఖాళీ డిస్కు ప్రత్యక్షం. (512 కొంటే 476 ఏమిట్రా, మోసపోయావా అని బావగారు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుందని చెబితే అక్కకి వెంటనే అర్థమైంది, ఆయనకి ఇంకా అనుమానమే.)

ఇన్‌స్టాల్ పావుగంటలో అయిపోయింది. తర్వాత ఇంటర్నెట్ లేకుండా ముందుకెళ్ళనంది, వైఫై డ్రైవరేమో లేదు. నా ఆండ్రాయిడ్ ఫోన్ కేబుల్‌తో తగిలించి ఫోన్ నెట్‌ని కేబుల్‌లో పంపే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోయింది. యాక్టివేషన్, అంటే విండోస్ అసలైనదేనని కీ ఇచ్చి చూపడం, అసలు అడగనే లేదు, ఆ కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది కాబట్టి.

ఏ భాగానికి డ్రైవర్ లేదో చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే పసుపు త్రికోణాలు వరసగా. సీరియల్ ఐఓ వేయగానే టచ్‌ప్యాడ్, తెర రెండూ లేచాయి. కానీ తెర తిప్పితే తిరగట్లేదు, వెనక్కి మడిస్తే కింద కీబోర్డు బల్లకి తగిలి వాటంతటవే అక్షరాలు పడుతున్నాయి. మడిచే లాప్‌టాప్‌లకి ఉండే అదనపు బాధ ఇదే: ఎటు తిరిగిందో చెప్పే సెన్సర్లకి ఇంటిగ్రేటెడ్ సెన్సర్ డ్రైవర్ ఒకటి, మడిచారని కబురందించడానికి హెచ్ఐడీ ఈవెంట్ ఫిల్టర్ ఇంకొకటి. రెండూ కంపెనీ సైట్ నుంచే తీసుకుని వేశాను. అయినా సెట్టింగ్స్‌లో రొటేషన్ లాక్ మీట బూడిద రంగులోనే ఉంది, నొక్కుడు పడదు. ఇంకో అరగంట దానితో కుస్తీ. చివరికి తేలిందేమంటే, మామూలు లాప్‌టాప్‌లా తెరిచి ఉన్నప్పుడు అది అలాగే ఉంటుందట, మడిస్తేనే ప్రాణం వస్తుందట. మడిచాను, వచ్చింది.

రాత్రి ఎనిమిదికి గుడారంలా నిలబెట్టి అక్క చేతికి పెన్ను ఇచ్చాను. గీసింది, గీత పడలేదు. వేలితో గీస్తే పడుతోంది, పెన్నుతో పడదు. మళ్ళీ డివైస్ మేనేజర్, మళ్ళీ డ్రైవర్లు, ఒకటి తీసేసి మళ్ళీ వేయడం, రెండు రీస్టార్ట్‌లు. బావగారు ఈలోపు పెన్ను వెనక మూత తిప్పి అందులోంచి చిటికెన వేలికన్నా సన్నటి సెల్లు తీసి, "ఇది ఎప్పుడు మార్చారు?" అన్నారు. అక్క నా వైపు చూసింది. మూడేళ్ళయింది కొని, ఎప్పుడూ మార్చలేదు. ఆ సైజు ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి లాస్ట్ బస్సుకి పరుగెత్తాను.