బానక్‌లో మీడ్ హోటల్

అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బానక్‌లో మీడ్ హోటల్ ముందు నిలబడితే కళ్లు ఇటుక మీదే ఆగుతాయి. చుట్టూ ఉన్నవి దాదాపు చెక్క ఇళ్లు, దుంగల గుడిసెలే. 1862లో గ్రాస్‌హాపర్ వాగులో బంగారం దొరికితే హడావిడిగా లేచిన ఊరు మరి! ఈ రెండంతస్తుల భవనాన్ని 1875లో బీవర్‌హెడ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు కోసం కట్టారు. రైలు డిల్లన్ అనే ఊరి మీదుగా పోవడంతో 1881లో కౌంటీ కేంద్రమూ అక్కడికే తరలింది. ఖాళీగా పడున్న కోర్టును 1890 ప్రాంతంలో డాక్టర్ జాన్ మీడ్ కొని హోటల్ చేశారు. లోపల వంపు తిరిగిన చెక్క మెట్లు తప్పక చూడాలి.

ఇలాంటి పాత ఇటుక గోడలకు సిమెంటు పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులు నింపడం) వద్దు, దయచేసి. పాత ఇటుక మెత్తన, తడి పీలుస్తుంది. సందుల్లో సున్నం ఉంటే ఆ తడి బయటికి పోతుంది, సిమెంటైతే పోనివ్వదు. చిక్కుకున్న నీరు చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది. అప్పుడు ఇటుక ముఖం పెళ్లలుగా రాలిపోతుంది, సిమెంటు గీతలు మాత్రం గోడ మీద పొడుచుకుని మిగులుతాయి. సున్నమైతే అరిగేది సున్నమే, మళ్లీ నింపుకోవచ్చు. ముందు పైకప్పు నీళ్లు గోడ మొదట్లో పడకుండా మళ్లించాలి. అది చేయకపోతే ఎంత మంచి సున్నమూ నిలవదు.