నాలుగు గడులు గీస్తే గానీ ఇంగ్లీషు మాటలు పట్టుబడలేదు

నిన్న టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషులో నాకు 30కి 25. నర్సంపేటలో డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నదాన్ని. టీచర్ ఉద్యోగాలు భర్తీ చేసే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, అందుకే ఈ పాతిక మార్కులు నాకు ఎంతో విలువైనవి.

దరఖాస్తు, ఫీజు, హాల్‌టికెట్ ఫోనులోనే అయిపోయాయి. తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ప్రాణం తీసినవి ఇంగ్లీషు పదాలే.

హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. చేతికి ఒక జిరాక్స్ పుస్తకం ఇచ్చారు: ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. రాత్రి బట్టీ పట్టడం, పొద్దున అప్పజెప్పడం. ఒకరోజు సారు నన్ను లేపి 'ఫ్రూగల్' అంటే ఏమిటని అడిగారు. "పొదుపరి, పిసినారి సార్" అన్నాను.

"ఒకాయన దగ్గర లక్షలున్నాయి. బిడ్డకు జ్వరమొచ్చినా ఖర్చవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడు. అతను ఫ్రూగలేనా?"

"అవును సార్."

ఆయన పెద్దగా నవ్వారు. "తెలుగు మీడియం వాళ్లకు అప్పజెప్పడం తప్ప అర్థం అక్కర్లేదు. రేపు ఈమె పిల్లలకు పాఠాలు చెబుతుందట!" అన్నారు. వెనక బెంచీల వాళ్లంతా నవ్వారు. నా చేతిలో ఆ పేజీ తెరిచే ఉంది. 'పొదుపరి, పిసినారి' అని అచ్చంగా అలాగే ఉంది, మధ్యలో ఒక్క కామా. "ఇందులో ఇలాగే ఇచ్చారు సార్" అని చూపించబోతే అటు చూడనైనా చూడలేదు. క్లాసు ముగిసేదాకా నన్ను కూర్చోమనలేదు. నాకంటే చిన్నవాళ్ల ముందు, స్కూలుకు వెళ్లే కూతురున్న నేను అలా నిలబడ్డాను. జాబితా వాళ్లది, ఫీజు నాది, అవమానమూ నాదే! పెద్దవాళ్లను ఇలా చులకన చేసేవారు రేపు కాబోయే టీచర్లకు ఏం నేర్పుతారు?

ఆ రాత్రి పక్క గదిలో ఉండే బీఎడ్ అమ్మాయి నా ముఖం చూసి సంగతి అడిగింది. "అక్కా, ఆ జాబితా పక్కన పెట్టు" అని కాగితం మీద నాలుగు గడులు గీసి, నడుమ 'ఫ్రూగల్' అని రాసింది. దీన్ని ఫ్రేయర్ నమూనా అంటారు. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరొతీ ఫ్రేయర్, ఆమె సహచరులు రూపొందించారు. ఒక గడిలో నిర్వచనం, ఒకదానిలో లక్షణాలు, మూడోదానిలో ఉదాహరణలు, నాలుగోదానిలో ఉదాహరణలు కానివి.

మూడో గడిలో మా అమ్మను రాశాను. పాత చీరలతో బొంతలు కుడుతుంది, కానీ మా పుస్తకాలకు ఏనాడూ వెనకాడలేదు. నాలుగో గడిలో సారు చెప్పిన లక్షాధికారిని రాశాను. అతను 'స్టింజీ', అంటే పిసినారి. జాబితాలోని కామా కలిపేసిన ఇద్దరినీ నాలుగో గడి విడదీసింది. ఆ తర్వాత ఆ మాటను నేను మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

దగ్గర దగ్గర అర్థాలున్న మాటలకు అడ్డంగా ఒక గీత చాలు. ఒక కొసన 'వార్మ్', నడుమ 'హాట్', చివర 'స్కార్చింగ్' రాసుకున్నాను. మే నెలలో వరంగల్ ఎండ మూడోదాని కిందికే వస్తుంది. చూడటం అనే అర్థమున్న 'స్పెక్ట్' లాంటి లాటిన్ ధాతువులకు చెట్టు బొమ్మ గీస్తే 'ఇన్‌స్పెక్ట్', 'స్పెక్టేటర్' కొమ్మల్లా వస్తాయి.

కొత్త విషయం మనకు ముందే తెలిసినదానితో ముడిపడితేనే అర్థవంతమైన అభ్యసనం అని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆసుబెల్ చెప్పాడు. అది మా పెడగాజీ (బోధనా శాస్త్రం) సిలబస్‌లోనే ఉంది. దాన్ని మాతో అప్పజెప్పించి, తర్వాతి గంటలోనే జాబితా బట్టీ పట్టమనేవారు!

గీతలు లేని పెద్ద నోటుబుక్కు కొనుక్కోండి, చౌరస్తాలో చవకగా దొరుకుతుంది. ఫోనులో వచ్చే రంగురంగుల బొమ్మలు దాచుకుంటే లాభం లేదు, గడులు నింపేది మీ చెయ్యే కావాలి. అన్ని మాటలకూ గీయకండి, సమయం చాలదు. తికమక పెట్టేవాటికే గీయండి. కోచింగ్‌లో చేరేముందు వాళ్ల మెటీరియల్ అడిగి, 'ఫ్రూగల్' ఎదురుగా ఏం రాసి ఉందో చూశాకే ఫీజు కట్టండి.