మామయ్య సగటు లెక్క

మా అత్తయ్యకి క్యాంపులో మడమకి జెల్ రాసి ఏదో మిషన్ పెట్టి "ఎముకలు బాగున్నాయి" అని చెప్పి పంపారు. అది అల్ట్రాసౌండ్ పరీక్ష. దాన్ని పట్టుకుని ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం, ఉందనీ లేదనీ తేల్చరు. కొన్నాళ్లకి వరండా మెట్టు దిగుతూ జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ మాత్రం పడటానికే ఎముక విరిగిందంటే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయాల్సిందేనన్నారు డాక్టరు.

ఆవిడ టెన్షనంతా "ఎమ్మారైలా ఆ గుహలో దూరాలా?" అని. అక్కర్లేదు. బల్ల మీద పడుకుంటే పైన ఒక చెయ్యిలాంటిది మెల్లగా కదులుతుంది, అంతే. ఎక్స్‌రేనే, కానీ చాలా తక్కువ మోతాదు. కాల్షియం మాత్ర ముందురోజు నుంచే ఆపమన్నారు. చీరకున్న పిన్నీసులు తీయడానికే స్కాన్‌కన్నా ఎక్కువ సేపు పట్టింది.

రిపోర్టులో చూడాల్సింది టి-స్కోరు. ముప్ఫై ఏళ్ల వయసువాళ్ల ఎముకతో పోలిస్తే మనది ఎంత తగ్గిందో చెప్పే అంకె. మైనస్ 1 దాకా ఫరవాలేదు, మైనస్ 2.5కి చేరినా, ఇంకా కిందికి పోయినా ఆస్టియోపొరోసిస్. అత్తయ్యకి వెన్ను మైనస్ 0.8, తుంటి మైనస్ 2.7.

"సగటు తీస్తే 1.75. గండం లేదు" అన్నారు మామయ్య. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు మరి.

డాక్టరు నవ్వి, సగటు తీయకూడదు, తక్కువున్నదే లెక్క అన్నారు. వయసు మీద పడితే వెన్నుపూసల అంచుల్లో ఎముక ముళ్లలా పెరుగుతుంది. మిషన్ దాన్నీ కలిపి కొలిచేస్తుంది, వెన్ను స్కోరు ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. పైగా "మీది ఏ ఊరమ్మా?" అని అడిగారు. కనిగిరి పక్క పల్లె. ఆ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి 1937లోనే వైద్య పత్రికకెక్కింది, అప్పట్లో అది నెల్లూరు జిల్లా. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో దట్టంగానే కనిపిస్తుంది, గట్టిదనం మాత్రం ఉండదు. ఒకప్పుడు దీన్నే మందుగానూ ఇచ్చి చూశారు: వెన్నులో సాంద్రత పెరిగింది, విరగడాలు తగ్గలేదు. నన్నడిగితే మన నల్గొండ, ప్రకాశం వాళ్లు వెన్ను స్కోరు బాగుందని సంబరపడే ముందు ఊరి నీళ్ల గురించి డాక్టరుకి చెప్పాలి.

విటమిన్ డి ఎంతుందో చూసి, ఆస్టియోపొరోసిస్‌కి వారానికొక మాత్ర రాశారు. పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకూడదు, కాఫీ తాగకూడదు. మణికట్టు నొప్పి గురించి ఇంతవరకూ కిక్కురుమనని మనిషి, ఆ అరగంట గురించి మాత్రం వీధిలో అందరికీ చెప్పుకుంటోంది.